ఎముక తాళం

స్ఫటిక దుర్గం ఆఖరి వాకిలి దాటి ముంగిట్లో అడుగుపెట్టిన గువ్వకు తాను నేల మీద ఉందో ఆకాశం మీద ఉందో ఒక పట్టాన తెలియలేదు. కాళ్ళ కింది పలకల్లో మబ్బులు కదులుతున్నాయి. తల పైన గాజు కప్పులో తన అరికాళ్ళు తనకే కనిపిస్తున్నాయి. చుట్టూ నిలువెత్తు స్తంభాలు, ఒక్కొక్క స్తంభంలో ఒక్కొక్క వెలుగు. ఒకదానిలో దానిమ్మగింజ ఎరుపు, ఒకదానిలో నెమలిమెడ నీలం, ఇంకొకదానిలో కొత్త ఇత్తడి మెరుపు. ఆ వెలుగులన్నీ నేల మీద పడి కలిసిపోయి మళ్ళీ విడిపోతున్నాయి. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఏమీ లేదు. అక్కడ ముంగిలి ఒక్కసారిగా తెగిపోయి, దాని కింద అడుగు కనిపించని లోయ మొదలవుతుంది. ఇంత అందాన్ని కట్టినవాడికి చేతులెత్తి మొక్కవచ్చు గానీ, ఆ ముంగిట్లో అవతలి కొసన గద్దె మీద ఉన్న పంజరాన్ని చూశాక గువ్వకు మొక్కే ఓపిక లేకపోయింది.

పంజరంలో యువరాజు జయధ్వజుడు నిలబడి ఉన్నాడు. కూర్చోవడానికి అతనికి వీల్లేదు. పాదాల నుంచి నడుము దాకా అతను గాజైపోయాడు.

మందారపుర రాజ్యంలో ఈ మాయాదర్పణం సంగతి తెలియనివాళ్ళు లేరు. పొద్దుపోని రాజులు ఆడుకోవడానికి ఏ సిద్ధుడో ఇచ్చిపోయిన నిలువుటద్దం అది. దాని ముందు పడుకుని కళ్ళు మూసుకుంటే ఒళ్ళు పరుపు మీదే ఉంటుంది, మనిషి మాత్రం అద్దం లోపలి అడవిలో లేస్తాడు. అక్కడ ఓబన్న అనే బోసినోటి ముసలాడు ముఖద్వారం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు వేషాలు పంచుతాడు. కత్తి పట్టే వీరుడి వేషమా, మూలికల సంచితో వైద్యుడి వేషమా, దండం పట్టే మాంత్రికుడి వేషమా, లేక విల్లు చేతపట్టి ఒక అడవి మెకాన్ని తోడు తెచ్చుకునే వేటవేషమా? ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుని ఆడుకునేవారు. లోపల చచ్చిపోతే బయట తలనొప్పితో మెలకువ వచ్చేది, అంతే. మూడు పిలకల మాంత్రికుడు త్రిశిఖుడు వచ్చి ఆ అడవిలోని ఈ స్ఫటిక దుర్గాన్ని ఆక్రమించుకున్నాక ఆ ఆట ఆటగా మిగల్లేదు. ఇప్పుడు లోపల అతనికి చిక్కినవాడు మెల్లగా గాజైపోతాడు. బయట పరుపు మీది ఒళ్ళూ అదే దారి పడుతుంది. గాజు గొంతు దాటితే ఇక ఆ మనిషి లేనట్టే.

సరదాకని వెళ్ళిన యువరాజు అలా చిక్కాడు. అంతఃపురంలో అతని కాలివేళ్ళు గాజుగా మారడం మొదట చూసింది అతని చెల్లెలు కువలయ. ఆ కువలయే ఈ గువ్వ. రాజకుమార్తె లోపలికి వచ్చిందని పసిగడితే త్రిశిఖుడు చేతులు ముడుచుకుని కూర్చోడు కనుక, పేరు మార్చి, ముఖాన మసి పూసుకుని, వేటవేషం కట్టింది. ఆమె వెంట ఉన్న కత్తివీరుడు కొండప్ప మందారపురం కోట వాకిట కావలి కాసేవాడు. యువరాజును ఎత్తుకు పెంచిన మనిషి. పక్కనున్నది ఎవరో అతనికీ తెలియదు. ఎవరో అడవిపిల్ల, బాణం బాగా వేస్తుంది, నోరు మాత్రం పెద్దది అని అతని అభిప్రాయం.

ఇక మూడోది బొమిక. బొమిక దుమ్ములగొండి. వేటవేషం కట్టినవాళ్ళంతా పులుల కోసం, డేగల కోసం ఎగబడుతుంటే గువ్వ పోయి పోయి ఆ చారల ఒంటిదాన్ని తోడు తెచ్చుకుంది. ముందుకాళ్ళు పొడుగు, వెనకకాళ్ళు పొట్టి, నడుస్తుంటే ఎప్పుడూ మెట్లు దిగుతున్నట్టే ఉంటుంది. అరిస్తే ఎవరో పక్కగదిలో నవ్వుతున్నట్టు ఉంటుంది. ముఖద్వారం దగ్గర చేరినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గువ్వ పట్టించుకోలేదు. పంజరానికి వేసింది ఇనుప తాళం కాదని, ఏ పాతకాలపు ఏనుగుదో తొడ ఎముకని, దాన్ని కత్తి కోయలేదని, మంత్రం కదిలించలేదని ఆమె ముందే వాకబు చేసింది. ఎముకను చెరుకుముక్కలా కొరికే దవడ దుమ్ములగొండికి తప్ప ఇంకెవరికుంది? అలా అవసరానికే తెచ్చుకుంది. కానీ చలికి దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకున్నాక, ఒకే కుందేలును ఇద్దరూ పంచుకుని తిన్నాక, ఆ అనాకారి జంతువంటే ఆమెకు ప్రాణమైపోయింది.

"అదిగో మా బాబు! నడుం దాకా వచ్చేసింది అమ్మీ, ఇంకెంతో సేపు లేదు. నీ ఏడుపుగొట్టు జంతువుని వదులు, తాళం కొరికించేద్దాం" అన్నాడు కొండప్ప.

"ఆగు బాబాయ్. ముంగిలి మధ్యలో ఆ బండ చూశావా? ఊపిరి తీస్తోంది."

ఆమె నోట మాట నోటనే ఉంది. బండ లేచి నిలబడింది. దానికి నాలుగు కాళ్ళు, రోకళ్ళంత కోరలు. ముంగిలి కాపలాకు త్రిశిఖుడు ప్రాణం పోసిన శిలావరాహం అది. అది ఒళ్ళు విదిలిస్తే రాతిపొడి రాలింది.

"నే చెప్పింది విను" అంది గువ్వ గబగబా. "ముందు బొమిక వెళ్తుంది. దాని కోపమంతా బొమిక మీదికి మళ్ళాలి. అప్పుడు నేను బాణం వేస్తాను. నేను కేక వేసేదాకా నువ్వు కత్తి దుయ్యొద్దు. తొందరపడ్డావంటే అది మన మీదికే తిరుగుతుంది."

"ఊరికే నిలబడి చూడ్డానికి నేనేమన్నా పెళ్ళికొచ్చినానా?"

"బాబాయ్!"

"సరే సరే. కానీ."

గువ్వ నాలుకతో టక్కుమని చప్పుడు చేసింది. బొమిక బాణంలా వెళ్ళింది. వరాహం మూతి ముందు నుంచి దూసుకుపోయి, పక్కకు తిరిగి, దాని చెవి పట్టుకుని ఒక ముక్క కొరికి ఉమ్మేసింది. వరాహం గర్జించి తిరిగింది. బొమిక అప్పటికే ఇటువైపు ఉంది. అది ఇటు తిరిగేసరికి అటువైపు ఉంది. రాతి గిట్టలకు పలకలు పగిలి మబ్బులు ముక్కలవుతున్నాయి. పలకలు పగిలిన చోటల్లా బొమిక ఎగిరి దూకుతూ, మధ్యమధ్య ఆ పక్కగది నవ్వు నవ్వుతూ, అంత పెద్ద బండను ముంగిలంతా తిప్పుతోంది. గువ్వ విల్లు ఎక్కుపెట్టి కాచుకుంది. ఇంకాస్త. ఇంకొక్క చుట్టు. అప్పుడు దాని మెడ కింద రాయి పలచగా ఉన్నచోట కొట్టవచ్చు.

ఆ ఇంకొక్క చుట్టు కొండప్ప ఆగలేకపోయాడు. గద్దె మీద జయధ్వజుడి నడుము పైన మరో వేలెడు మెరుపు పాకడం అతను చూశాడు. "బాబూ!" అని అరుస్తూ కత్తి దూసి వెళ్ళి వరాహం డొక్కలో పొడిచాడు. కత్తి సగానికి విరిగింది. వరాహం బొమికను మరిచిపోయింది. మూతితో ఒక్క విసురు విసిరితే కొండప్ప గాలిలోకి లేచి ఎర్రస్తంభానికి కొట్టుకుని కింద పడ్డాడు. వరాహం అతన్ని తొక్కడానికి కాలు ఎత్తింది.

గువ్వ గురి చూడకుండానే బాణం వదిలింది. అది వరాహం కంట్లో దిగింది. ఆ కాలు కొండప్ప మీద పడలేదు గానీ, రెండో కన్ను గువ్వను వెతికి పట్టుకుంది.

బొమిక పరిగెత్తుకొచ్చి దాని వెనకకాలు పట్టుకుంది. వరాహం ఒక్క తన్ను తన్నింది. బొమిక పలకల మీద జారుకుంటూ ముంగిలి అవతలి మూలకు వెళ్ళి పడింది. గువ్వ అంబులపొదిలోకి చెయ్యి పెట్టింది. అద్దం లోపల కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. కంగారులో ఆమె బయటి అలవాటుగా చెయ్యి పోనిచ్చింది. చేతికి గాలి తగిలింది. వెనక్కి అడుగులు వేస్తూ వేస్తూ వెళ్ళి లోయ అంచున ఆగింది. ముందు వరాహం, వెనక లోయ. కేక వేసినా వినే దిక్కు లేదు.

వేటవేషం కట్టినవాళ్ళకు ఓబన్న నేర్పే ఆఖరి విద్య ఒకటుంది. చచ్చినవేషం అంటారు దాన్ని. ఊపిరి బిగబట్టి, నాడి జారవిడిచి, ఒళ్ళు చల్లబరుచుకుని పడిపోతే, దుర్గంలో ఏ భూతమూ ఆ మనిషిని ముట్టుకోదు. అద్దపు అడవి కాపలా జీవులు చచ్చినవాళ్ళ జోలికి పోవు. అయితే దానికి ఒక పద్ధతి ఉంది. పడిపోయే ముందు తోడుమెకం ముక్కు మీద అరచెయ్యి ఆనించాలి. ఇది నటన, నువ్వు పోయి దాక్కో అని ఆ మెకానికి అదొక గుర్తు. ఓబన్న ఈ మాట చెప్పి చెప్పి ఆమెను విసిగించాడు.

బొమిక ముక్కు ముంగిలి అవతల ఉంది. అక్కడికి పోయే వ్యవధి లేదన్నది నిజమే. అయినా గువ్వ మనసులో ఒక ధీమా కూడా ఉంది. నా అలికిడి, నా వాసన, నా ఆకలి కూడా తెలిసిన బొమికకు ఈ మాత్రం నాటకం తెలియదా అనుకుంది. మెకాన్ని ప్రేమించే ప్రతి వేటగాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటు అదే. తన మనసులో మాట దానికి వినిపిస్తుందనుకుంటాడు.

ఆమె నిలువునా కూలి పడిపోయింది.

వరాహం ఆమె ముఖం మీదికి వంగి ఆగింది. రాతి మూతితో వాసన చూసింది. ఆమెను పక్కకు తిప్పి, మళ్ళీ వాసన చూసి, ఆసక్తి పోయినట్టు ముఖం తిప్పుకుంది. కానీ అక్కడి నుంచి కదల్లేదు. నాలుగడుగుల అవతల కాపలాగా నిలబడిపోయింది.

అప్పుడు బొమిక కుంటుకుంటూ వచ్చింది. గువ్వ రెప్పల సందులోంచి దాని కాళ్ళు చూసింది. పో, దాక్కో, అని లోలోపల అరిచింది. బొమిక ఆమె చేతి కింద మూతి పెట్టి ఎత్తింది. ఎత్తిన చెయ్యి వదలగానే కింద పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పడింది. చల్లబడిన బుగ్గను నాకింది. చెవి దగ్గర మూతి పెట్టి, కుక్కపిల్లలా సన్నగా కూసింది. చాలాసేపు ఆమె మీద గడ్డం ఆనించి పడుకుంది. తరవాత లేచి తల పైకెత్తి అరిచింది. ఈసారి ఆ అరుపులో నవ్వు లేదు. గువ్వ గుండె పగిలిపోయింది గానీ ఆమె కదలకూడదు.

నీలం స్తంభంలోంచి త్రిశిఖుడు బయటికి వచ్చాడు. భయంకరంగా ఏమీ లేడు. చిన్న మనిషి, సన్నని గొంతు, నూనె రాసి దువ్విన మూడు పిలకలు. చేతిలో అరటాకు, దానిలో ఇంకా వేడి ఆరని మాంసం.

"అయ్యో, పోయిందామ్మా మీ అమ్మాయి?" అని బొమిక ముందు గొంతుక్కూర్చున్నాడు. "రా. తిను."

గువ్వ ఒళ్ళు నిజంగానే చల్లబడింది. తోడు చచ్చిపోయిందని నమ్మిన మెకం ఏ చేతి ముద్ద ముందు తింటే ఆ చేతిదవుతుంది. అద్దపు అడవిలో దానికి తిరుగులేదు. లేచి పిలిస్తే వరాహం తొక్కేస్తుంది. లేవకపోతే బొమిక పోతుంది, బొమికతో ఆ దవడలు పోతాయి, ఆ దవడలతో అన్నయ్య పోతాడు. బొమిక ముఖం తిప్పుకోవడం చూసి ఆమెకు కొంచెం ప్రాణం లేచివచ్చింది. తినదు. నా బొమిక తినదు.

"పోయినవాళ్ళ కోసం ఉపవాసాలుంటే ఎలా చెప్పు?" అన్నాడు త్రిశిఖుడు ఎంతో దయగా. దాని మెడ నిమిరాడు. "నువ్వు బతకాలి కదమ్మా. ఒక్క ముద్ద."

బొమిక పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. గువ్వ వంక ఒకసారి చూసింది. ఆకు వైపు వంగింది.

"బొమికా! వద్దు!"

ఆమె కేక పెట్టేసరికే బొమిక గొంతు మింగుతున్నట్టు కదిలింది.

వరాహం ఒక్కసారిగా మీదికి ఉరికింది. గువ్వ లేవలేదు, లేవడానికి తీరికే లేదు, ఉన్నచోటి నుంచే పక్కకు పొర్లింది. కొండంత రాయి ఆమె జడను తొక్కుకుంటూ అంచు దాటి వెళ్ళిపోయింది. ఎంతసేపటికో కింద నుంచి పగిలిన చప్పుడు వచ్చింది. వరాహం పీడ విరగడైంది. కానీ సంతోషించే మనిషి అక్కడ ఎవరూ లేరు.

బొమిక కళ్ళల్లో సన్నని గాజుపొర కమ్ముకుంటోంది. అది గువ్వను చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"భలే నటన అమ్మాయీ!" త్రిశిఖుడు చప్పట్లు కొట్టి, గద్దె మెట్టు మీద తీరిగ్గా కూర్చున్నాడు. "నా వరాహం నమ్మింది, నేను నమ్మాను, పాపం నీ జంతువూ నమ్మింది. వెళ్ళు తల్లీ, ఈసారి నాటకం కాకుండా చూడు."

బొమిక తల దించి, పళ్ళు బయటపెట్టి నడవడం మొదలుపెట్టింది. వేటాడేటప్పుడు అది ఎలా నడుస్తుందో గువ్వకు తెలుసు. ముందు తొందరపడదు.

ఎర్రస్తంభం కింద కొండప్ప లేచాడు. ముఖం నిండా నెత్తురు. గువ్వ చేతిలోంచి జారిన విల్లు, దొర్లిన బాణాలు నున్నని పలకల మీద జారుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గరే ఆగాయి. ఒకటి తీసి ఎక్కుపెట్టాడు.

"పక్కకు జరుగు అమ్మీ!"

"కొట్టెయ్ కొండప్పా!" పంజరంలోంచి జయధ్వజుడు అరిచాడు. గాజు రొమ్ము మీదికి పాకింది, మాట గలగలమని గిన్నెల చప్పుడులా వస్తోంది. "నా సంగతి వదిలెయ్, దాన్ని చంపెయ్! కువలయా, పారిపో! చెల్లీ!"

కొండప్ప చేతిలో విల్లు ఊగింది. "కువ... చెల్లెలా? రాజకుమారిగారా? ఓరి నాయనో, ఇన్నాళ్ళూ అమ్మీ గిమ్మీ అని పిలిచి, నా మూట కూడా మోయించినానే తల్లీ!"

"కొండప్పా, విల్లు దించు." ఆమె గొంతులో గువ్వ లేదు, మందారపురం సింహాసనం పక్కన పెరిగిన పిల్ల ఉంది. "ఇది ఆజ్ఞ."

"అది మిమ్మల్ని నమిలేస్తాదమ్మా!"

"దాన్ని చంపితే తాళం ఎవరు తీస్తారు?" అంది. తరవాత చిన్నగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "అయినా తాళం లేకపోయినా దించమనేదాన్నే."

ఇంకొకరి చేతి ముద్ద తిన్న మెకాన్ని మళ్ళీ తిండితో తెచ్చుకోవడం కుదరదు. దానికి ఒక్కటే దారి. ఆయుధం వదిలేసి దాని ఎదుట కూర్చోవాలి. అది ఏం చేసినా పారిపోకూడదు, తిరిగి కొట్టకూడదు, నొప్పికి అరవకూడదు. దాని కోపం తీరేదాకా భరిస్తే, అప్పుడు అది మనిషిని గుర్తుపడితే పడుతుంది. ఓబన్న నోట్లో పళ్ళు లేకపోవడానికీ, ఎడమచేతికి రెండే వేళ్ళు ఉండటానికీ అదే కారణం.

కువలయ నడుముకున్న చిన్న కత్తి తీసి లోయలోకి విసిరేసింది. పగిలిన పలకల మధ్య మఠం వేసుకుని కూర్చుంది. తన భయాన్ని దాచుకోవాలని చూడలేదు. బొమిక ఎలాగూ వాసన పసిగడుతుంది.

"రా బొమికా" అని ముంజెయ్యి ముందుకు చాచింది. "నాదే తప్పు. నీకు చెప్పకుండా చచ్చిపోయాను. రా."

బొమిక ఆగింది. ముక్కు ఎగబీల్చింది. గాజుపొర వెనక కళ్ళు ఒక క్షణం అటూ ఇటూ వెతికాయి. మెట్టు మీది నుంచి సన్నని గొంతు "ఊఁ, కానివ్వు" అంది. అది ఎగిరి దూకింది.

ఎద్దు తొడలను కొరికే దవడలు కువలయ ముంజేతి మీద మూసుకున్నాయి. కొండప్ప కళ్ళు మూసుకున్నాడు. ఆమె నోరు తెరిచింది. కేక గొంతుదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. కళ్ళ వెంట నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. లోపలెక్కడో ఎముక కిర్రుమంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. రెండో చెయ్యి మెల్లగా ఎత్తి, నెత్తుటితో తడిసిన ఆ మూతి పక్కన పెట్టి, అలాగే ఉంచింది.

"అన్నయ్యా" అంది పళ్ళు బిగబట్టి, తల తిప్పకుండా. "ఎందాకా వచ్చింది?"

వచ్చిన జవాబు మాటలా లేదు, పలచని గాజు మీద గోరు మీటినట్టు ఉంది. "మెడ... దగ్గర."

"ఇంకా నొక్కు! విరిచెయ్యి!" అన్నాడు త్రిశిఖుడు. అతను మెట్టు మీది నుంచి లేచి నిలబడ్డాడని, గొంతులో ఆ దయ లేదని కళ్ళు తెరిచిన కొండప్ప గమనించాడు.

కువలయ బొమిక కళ్ళలోకే చూస్తోంది. దాని ఊపిరి వేడిగా ఆమె మోచేతికి తగులుతోంది. దవడ ఇంకొంచెం బిగిసింది. మళ్ళీ ఎముక కిర్రుమంది. ఆమెకు ముంగిలంతా నల్లబడుతోంది. పడిపోతే మళ్ళీ చచ్చిపోయిందనుకుంటుంది, పడిపోకూడదు, పడిపోకూడదు అనుకుంటూ ఆమె కూర్చునే ఉంది.

ఆమెను గుర్తుపట్టినట్టు బొమిక తోక ఒక్కసారి కదిలింది. దవడ మాత్రం ఇంకా వదల్లేదు.